నాలుగో చెరువు నీటిమట్టం

నీళ్ళు: గొంతు దాకా

డాక్టర్ కుసుమకుమారి గారు ఈ దినచర్య నన్నే రాయమన్నారు. బరువు అంకెలన్నీ నడిచేవాళ్ళ కాలికి కట్టే కాలిపట్టీ యంత్రం తనంతట తానే పంపేస్తుంది, మిగతాది నేను రాయాలట. మిగతాదంటే ఏమిటండీ అని అడిగితే, "పరిశోధనకి పనికొచ్చేది ఏదైనా సరే, సత్యవేణీ" అన్నారు. ఏది పనికొస్తుందో ముందే తెలిస్తే ఇక పరిశోధన దేనికి అని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. ఆవిడ ఈ కేంద్రానికి పెద్ద. నేను నడక నేర్పేదాన్ని. ఇరవై ఏళ్ళుగా ఈ చెరువుల్లో నానుతున్నాను, నా కాలివేళ్ళ సందులు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

ఇవాళ నాలుగో చెరువులో కొత్త మనిషిని దించాం. పేరు హిమజ, వయసు ఇరవై నాలుగు, నాలుగో నెల. ఇంతవరకు మా దగ్గరికి వచ్చినవాళ్ళంతా ఇక్కడ పుట్టి, చందమామ మీద గనుల పనికి వెళ్ళి, ఒళ్ళు గుల్ల చేసుకుని తిరిగొచ్చినవాళ్ళే. వాళ్ళ కాళ్ళు నేలని మర్చిపోయి ఉంటాయి, గుర్తు చేస్తే చాలు. హిమజ పుట్టిందీ పెరిగిందీ పైనే. ఆ కాళ్ళకి గుర్తు చేయడానికి ఏమీ లేదు.

తీరంలో చందమామ ఓడ దిగిన దగ్గర్నుంచి నీళ్ళ తొట్టిబండిలో పడుకోబెట్టి తీసుకొచ్చారు. దేవసహాయం ఊయల కట్టి మెల్లగా చెరువులోకి దించాడు. ఈ చెరువులకి తూములు, మోటార్లు, గట్లు అన్నీ అతనే చూస్తాడు. వీటిలో రొయ్యలు పెంచిన రోజుల్లో అతని తండ్రి కాపలా ఉండేవాడట. రొయ్యలు పోయాయి గానీ నీళ్ళని తిప్పే చక్రాలు ఇప్పటికీ అవే. హైదరాబాదు కేంద్రంలో మనిషిని తాళ్ళతో వేలాడదీసి నడిపించే యంత్రాలున్నాయి. మాకున్నవి నీళ్ళు.

మా పని చెప్పడం సులువే. గొంతు దాకా నీళ్ళలో నిలబడితే మనిషికి పైన ఉన్నంత బరువే ఉంటుంది. అక్కడి నుంచి తూము ఎత్తి నీళ్ళు దించుకుంటూ పోతాం. ఛాతీ, నడుము, తొడలు, మోకాళ్ళు. నీళ్ళు దిగినకొద్దీ ఎవరి బరువు వాళ్ళకి తిరిగొస్తుంది. చివరికి ఒడ్డెక్కి ఇంటికి వెళ్ళిపోతారు.

నేను వెనక నిలబడి హిమజ వీపు మీద రెండు వేళ్ళు ఆనించాను. అందరికీ అలాగే చేస్తాను. మోయడానికి కాదు, రెండు వేళ్ళు ఎవరిని మోస్తాయి? వెనక మనిషి ఉందని తెలియడానికి.

"మీ వేళ్ళు వెచ్చగా ఉన్నాయండి," అంది ఆ అమ్మాయి. మాట మన మాటే. వాళ్ళ తాతలది ఈ పక్క లంకేనట.

"అది సరేగానీ, ఈ స్థితిలో ఎందుకొచ్చావమ్మా ఇంత దూరం? కాన్పు అక్కడ చేయరా?"

"చేస్తారండి. కానీ పైన పుడితే నాలాగే ఉంటుంది. బరువు తెలియకుండా పెరిగిన ఎముక మళ్ళీ గట్టిపడదట. నా బిడ్డ పరిగెత్తాలండి. మా బడిలో పాత వీడియోలు చూపించేవాళ్ళు, పిల్లలు పరిగెత్తి పరిగెత్తి ఆగలేక పడిపోతుంటారు కదా, అలాగ."

పడిపోవడం కోసం ఇంత దూరం వచ్చినవాళ్ళని నేను ఇదే చూడటం.

ఆరో నెల నిండేలోపు ఈ అమ్మాయి చెరువు గట్టు మీద నుంచి, రొయ్యలు తూచిన పాత తూకం షెడ్డు దాకా, ఎవరూ పట్టుకోకుండా నడిచి చూపించాలి. నడవలేని మనిషి గుండె ఇక్కడి బరువులో కాన్పుని తట్టుకోదని, పైవాళ్ళ రాకపోకలు చూసే బోర్డు నిబంధన. నడవకపోతే తిరుగు ఓడలో పైకి పంపేస్తారు. ఏడో నెల వచ్చిందంటే ఓడ ఎక్కించరు కాబట్టి గడువు పొడిగించేది లేదు. ఈ సంగతి హిమజకి నాకంటే బాగా తెలుసు. అయినా నేను ఒకసారి చెప్పాను, చెప్పడం నా ఉద్యోగం కనుక.

నీళ్ళు: ఛాతీ దాకా

అంకెలు బాగున్నాయి. ఇక్కడ పుట్టి పైకెళ్ళొచ్చినవాళ్ళకంటే బాగున్నాయి. డాక్టరు గారు పొద్దున్నే గట్టు మీదికొచ్చి అంకెలు కనపడే ఫలకం చూసి, "చూశావా, వయసు చిన్నదైతే కండరం ఎంత తొందరగా అందుకుంటుందో" అన్నారు. ఆవిడ నవ్వడం నేను అరుదుగా చూస్తాను. నాకూ సంతోషంగానే ఉంది.

వంటగదివాళ్ళకి మాత్రం సంతోషంగా లేదు. హిమజ గ్లాసుతో పాలు తాగి, గ్లాసుని గాల్లోనే వదిలేస్తుంది. పైన అయితే అది నిదానంగా దిగుతుందట, ఈలోపు మూతి తుడుచుకుని మళ్ళీ అందుకోవచ్చు. ఇక్కడ అది కింద పడి మోగాక, పాపం, ఉలిక్కిపడి చేతికేసి చూసుకుంటుంది. గాజు గ్లాసులూ పింగాణీ కప్పులూ అయిపోయాయి. ఇప్పుడు అంతా స్టీలే.

నిన్న వాన పడింది. చెరువులోనే నిలబడి మొహం పైకెత్తి, "ఇది ఇంత తొందరగా పడుతుందా అండి," అని అడిగింది.

"మెల్లగా పడితే వాన అనరు, జల్లు అంటారు."

"జల్లు కూడా చూపిస్తారా?"

నా చేతిలో ఉన్న పనా అది అన్నాను. తర్వాత నాకే నవ్వొచ్చింది.

మధ్యాహ్నం మొగుడు మాట్లాడాడు. పేరు శరత్, మంచు గనిలో పని. అతని ఎముకలు ఓడ దిగడానికే పనికిరావని తేల్చేశారట, అందుకని రాలేదు, ఎప్పటికీ రాలేడు. గట్టు మీద తెర పెట్టించుకుని హిమజ నీళ్ళలోంచే మాట్లాడుతుంది. పైనుంచి సిగ్నల్ అక్కడా ఇక్కడా మజిలీలు చేసుకుంటూ వస్తుంది కాబట్టి, మనం ఒక మాట అంటే ఆ అబ్బాయి మొహంలో అది కనిపించడానికి కాస్త సమయం పడుతుంది. నేను "బాబూ, మీ ఆవిడ గ్లాసులన్నీ పగలగొట్టేస్తోంది" అన్నాను. చాలాసేపు అతను పెళ్ళికొడుకులా బిగుసుకుని కూర్చున్నాడు. నేను ఏదో తప్పుగా అన్నానేమో అనుకునేసరికి, అప్పుడు నవ్వాడు.

తెర ఆపేశాక హిమజ నీళ్ళలోనే పొట్ట మీద చేతులు పెట్టుకుంది. తర్వాత, "నేను ఇక్కడ ఉండిపోతే శరత్ బిడ్డని ఎత్తుకోలేడు. నేను పైకి వెళ్ళిపోతే బిడ్డ నడవలేదు. మేమిద్దరం చాలా రోజులు పోట్లాడుకున్నామండి. చివరికి తనే వెళ్ళమన్నాడు" అంది. నీళ్ళు చల్లబడుతున్నాయి, బయటికి తీస్తాను అన్నాను.

నీళ్ళు: నడుము దాకా

అంకెలు ఇంకా బాగున్నాయి. డాక్టరు గారు హైదరాబాదుకి పంపించారు, ఎలా చేశారని వాళ్ళు అడిగారట. కేంద్రానికి కొత్త మోటారు వస్తుందని కూడా అనుకుంటున్నారు.

నడక అయితే నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నాను. తల నిటారుగా, భుజాలు వదులుగా, చెరువు ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి చకచకా వెళ్ళిపోతోంది. నీళ్ళు పచ్చగా ఉంటాయి కాబట్టి కాళ్ళు కనపడవు. చెయ్యి ముంచితే మణికట్టు దాకానే కనపడుతుంది. అలవాటైన పని కదా, భుజాలు చూసి కాళ్ళ సంగతి చెప్పేస్తాను అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ.

ఇప్పుడు నన్ను అత్తా అంటోంది. ఎప్పుడు మొదలుపెట్టిందో గమనించలేదు.

నీళ్ళు: నడుము దాకా, అదే వారం

ఇవాళ చెరువులోనే సీమంతం చేశాం. ఐదో నెల. బయటికి తీసుకొస్తే ఆ అమ్మాయి బరువుకి ఆయాసపడుతుంది కాబట్టి మనమే దిగుదాం అన్నాను. వంటగది ఆడవాళ్ళంతా చీరలు ఎగ్గట్టుకుని నీళ్ళలోకి దిగారు. ఒకావిడ చలిమిడి పళ్ళెం తలమీద పెట్టుకుని వచ్చింది. దేవసహాయం తిప్పుడు చక్రాలు ఆపేసి, గట్టు మీద అటు తిరిగి నిలబడ్డాడు.

"ఇటు తిరగవయ్యా, మేమేం పరాయివాళ్ళమా," అంటే, "ఆయ్, ఆడోళ్ళ పేరంటం కదండీ, మర్యాదగా ఉండదండి," అన్నాడు.

రెండు చేతులకీ నిండా ఆకుపచ్చ గాజులు తొడిగాం. పైన గాజులు వేసుకోరట, పగిలితే ముక్కలు పైకెగిరి, మెల్లగా దిగుతూ కళ్ళలో పడతాయని. హిమజ చేతులు ఊపి ఊపి వింటోంది. అందరికీ తనే చూపించి వస్తానని చెరువు అవతలి మూల నిలబడ్డ వాళ్ళ దగ్గరికి బయల్దేరింది. నేను గట్టుకేసి తిరిగి గాజుల పళ్ళెం కడుగుతున్నాను.

ఘల్లుమంది. కాస్త ఆగి, మళ్ళీ ఘల్లుమంది.

నా చేతిలో పళ్ళెం ఆగిపోయింది. మనిషి నడిస్తే చేతులు ఒకటి విడిచి ఒకటి ఊగుతాయి. ఈ చేతి గాజులు, తర్వాత ఆ చేతి గాజులు మోగాలి. నా వెనక మోగుతున్నవి రెండు చేతులవీ ఒక్కసారే. నేను నడకలు వినడం మొదలుపెట్టి చాలా కాలమైంది. ఇలాంటిది ఎప్పుడూ వినలేదు.

"అమ్మాయ్, అక్కడే ఉండు," అని కేకేసి, చీరతో సహా ములిగాను. కళ్ళు తెరిస్తే పచ్చటి మసక తప్ప ఏమీ లేదు. చేతులతో తడుముకుంటూ వెళ్ళి ఆమె పాదాలు పట్టుకున్నాను. రెండూ పక్కపక్కనే ఉన్నాయి, మడమలు పైకి లేచి, వేళ్ళ మీద. పైకి తేలి, "ఇప్పుడు నడువు," అన్నాను. మళ్ళీ ములిగాను. రెండు పాదాలూ ఒక్కసారే నేలని తన్ని నా చేతుల్లోంచి జారిపోయాయి.

ఆ అమ్మాయి నడవడం లేదు. గెంతుతోంది. పైన అందరూ అలాగే తిరుగుతారు, మెల్లగా లేచి మెల్లగా దిగుతూ. ఒక కాలి మీద బరువంతా వేసి రెండో కాలు ఎత్తడం అనేది ఆమె పుట్టి బుద్ధెరిగాక చేయలేదు. నీళ్ళు ఉన్నాయి కాబట్టి సాగిపోయింది, ఒళ్ళు లేచి దిగుతుంటే అది నీళ్ళ ఊపే అనుకున్నాను. పైగా జారకుండా ఉంటుందని చెరువు అడుగున మేమే రబ్బరు పరుపు వేయించాం, అది గెంతేవాళ్ళకి ఇంకా సాయం. కాలిపట్టీకి ఇవన్నీ ఏం తెలుసు? రెండు కాళ్ళూ దభీమని దిగితే పెద్ద అంకె వేసింది. మేం ఆ అంకె చూసి మురిసిపోయాం.

ఆడవాళ్ళంతా బిత్తరపోయి చూస్తున్నారు. నా నెత్తి మీద నాచు.

"ఏమైంది అత్తా?" అంది హిమజ.

"ఏం కాలేదు. చలిమిడి తిను," అన్నాను. ఆ ఒక్క మాటా అబద్ధం చెప్పాను. సాయంత్రం నిజం చెప్పాను.

నీళ్ళు: తొడల దాకా

అనుమానం తీర్చుకోవడానికి నీళ్ళు దించాం. ఒక్క గెంతు గెంతింది, మోకాళ్ళు మడతపడి కూలిపోయింది. నేను నడుం పట్టుకుని ఆపాను కాబట్టి సరిపోయింది.

సీమంతం నాటి నుంచీ ఒక్కో కాలూ వేయమని చెప్పి చూశాను. గట్టు పట్టుకుంటే వేస్తుంది. గట్టు వదిలితే రెండో అడుగుకే ఒళ్ళు భయపడి గెంతేస్తుంది. చెప్పింది అర్థం కాక కాదు. మెదడుకి అర్థమైంది, కాళ్ళకి కాలేదు. రాత్రి పడుకోబోయే ముందు మంచం మీద కూర్చుని, "కుడి, ఎడమ" అని తనలో తనే అనుకుంటూ తొడలు తట్టుకుంటోందని నర్సు చెప్పింది.

డాక్టరు గారు నన్ను గదికి పిలిచారు.

"బోర్డుకి ఇప్పుడే తెలియజేస్తే మంచిది సత్యవేణీ. ఓడలో చోటు చూడాలి కదా."

"ఇంకా గడువుంది కదండీ."

"ఉంది. కానీ మొదటి నుంచీ మొదలుపెట్టడానికి చాలదు. నీకు తెలుసు."

"తెలుసు గాబట్టే అడుగుతున్నాను. మనం అంకెలు చూసి చంకలు గుద్దుకున్న రోజులన్నీ ఆ అమ్మాయి ఖాతాలోనే పోయాయి. ఇప్పుడు గడువు చాలదని ఆ అమ్మాయికే చెబుదామా?"

గొంతు పెరిగింది, నాకే తెలుస్తోంది. డాక్టరు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆవిడకీ బాధగానే ఉంది, ఆవిడ మొహం నాకు తెలుసు. వారం ఆగుతాను అన్నారు. అంతకుమించి ఆవిడ చేతిలో కూడా లేదు.

నీళ్ళు: లేవు

ఐదో చెరువు తూము పాడైందని దేవసహాయం మొత్తం ఖాళీ చేశాడు. ఆ చెరువులో ఇంకా పరుపు వేయలేదు, అడుగంతా నల్లటి రేగడి బురద. ఇవాళ గట్టు మీద నడుస్తూ, హిమజ గురించే ఆలోచిస్తూ, కాలు జారి అందులో పడ్డాను. ఇంత వయసొచ్చి, నలుగురికీ నడక నేర్పేదాన్ని. అదృష్టం బాగుండి ఎవరూ చూడలేదు అనుకున్నాను, దేవసహాయం చూశాడు.

"చెయ్యిత్తానండీ, ఉండండి."

"నువ్వు అక్కడే ఉండు."

మోకాళ్ళ దాకా దిగిపోయాను. కంగారులో ఎగిరి గట్టెక్కేద్దామని చూశాను. ఒళ్ళు కదిలింది గానీ కాళ్ళు రాలేదు. చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. అప్పుడు బరువంతా ఎడమ కాలి మీద వేసి, కుడి మడమ తిప్పి, మెల్లగా పీకి, ముందుకు నాటాను. తర్వాత ఎడమది. ఆ బురదలో అలా నిలబడిపోయాను.

గెంతాలంటే రెండు కాళ్ళూ ఒక్కసారి పైకి రావాలి. బురద ఒక్క కాలిని ఇవ్వడానికే ఏడిపిస్తుంది, రెండింటినీ కలిపి ఎక్కడ ఇస్తుంది?

చిన్నప్పుడు మా అమ్మతో నాట్లకి వెళ్ళేదాన్ని. అక్కడ పాదం తీసి పాదం వేయడం నాకు ఎవరూ నేర్పలేదు. బురదే నేర్పి ఉంటుంది.

"ఆ చెప్పు వెతకమంటారా అండీ?" అన్నాడు దేవసహాయం.

"చెప్పు సంగతి తర్వాత. ఈ బురద మీద నడుము దాకా నీళ్ళు పెట్టడానికి నీకు ఎంతసేపు పడుతుంది?"

బురద, పైన నడుము దాకా నీళ్ళు

డాక్టరు గారు ఒప్పుకోలేదు. గర్భిణిని బురదలో దింపుతావా, దద్దుర్లు వస్తే, కాలు తెగితే, లోపల ఏముందో ఎవరికి తెలుసు అన్నారు. ఆవిడ అన్నవన్నీ నిజమే. నేనూ దేవసహాయం కలిసి అడుగంతా చేతులతో దేవాం. రొయ్యల కాలం నాటి సీసాలు, ఒక తాళం కప్ప, నా చెప్పు దొరికాయి. మందు చల్లించాను. మోకాలు దాటే మేజోళ్ళు తెప్పించాను. అప్పటికీ డాక్టరు గారు తల అడ్డంగానే ఊపారు.

హిమజ తొట్టిబండిలోంచే అంది, "డాక్టరు గారూ, పైకి వెళ్ళే ఓడలో నాకు దద్దుర్లు రావు. కానీ నా బిడ్డ నడవదు. నేను దిగుతానండి."

డాక్టరు గారు నాకేసి కోపంగా చూశారు, నేనే నేర్పి పంపించినట్టు. తర్వాత గట్టు మీద కూర్చున్నారు. లేచి వెళ్ళలేదు.

మొదటి రోజు కాలు దింపగానే హిమజ కెవ్వుమంది. ఎవరో పాదం పట్టుకున్నారు అంది. ఎవరూ లేరు, అది నేల, అలాగే పట్టుకుంటుంది అన్నాను. గెంతబోయింది. బురద వదల్లేదు. మళ్ళీ గెంతబోయింది. మూడోసారి విసుగొచ్చి ఏడ్చింది. దేవసహాయం గట్టు నుంచి గట్టుకి మోకు కట్టాడు, అది పట్టుకుని నిలబడి ఏడ్చింది. నేను కదల్లేదు. చాలాసేపటికి, ఏడుపులోనే, ఒంటి బరువు ఎడమ పక్కకి ఒరిగింది. కుడి కాలు చప్పుడు చేస్తూ బయటికొచ్చింది.

"వచ్చింది అత్తా. ఒక్కటే వచ్చింది."

"రెండోది ఎక్కడికీ పోదు. ముందు దాన్ని నాటు."

బురద మాత్రమే

నీళ్ళు పూర్తిగా దించేశాం. మోకు కూడా తీసేశాం. ఇప్పుడు బురదా, హిమజా, వెనక నా రెండు వేళ్ళూ. రోజూ చెరువుకి అడ్డంగా నడుస్తోంది, ఆయాసం, ఒంటినిండా రేగడి, పొట్ట ముందుకొచ్చింది. కాళ్ళు ఒకటి తర్వాత ఒకటి వస్తున్నాయి. గాజులు ఒకటి తర్వాత ఒకటి మోగుతున్నాయి. ఆ చప్పుడు వింటుంటే నాకు ఇంకేమీ వద్దనిపిస్తుంది.

రెండుసార్లు బురదలో కూలబడింది. మొదటిసారి నేను ఎత్తబోయాను. నడుము దాకా కూరుకుపోయిన మనిషిని బురదలోంచి ఎత్తడం నావల్ల కాలేదు, ఇద్దరం కూలబడ్డాం. రెండోసారి తనే లేచింది. ముందు అరచేతులు ఆనించింది, నడుం పైకెత్తింది, ఒక పాదం నాటి, ఒళ్ళు దాని మీదికి తెచ్చుకుంది. డాక్టరు గారు గట్టు మీద నుంచి చప్పట్లు కొట్టారు. ఇప్పుడు ఆవిడ రోజూ వస్తున్నారు. నిన్న చెప్పులు విడిచి తను కూడా ఒక కాలు పెట్టి చూశారు, ఎవరూ చూడటం లేదనుకుని.

ఒక్క చిక్కు మిగిలింది. నా వేళ్ళు తీస్తే నిలబడిపోతుంది. ఒరగదు, పడదు, అలా నిలబడిపోతుంది అంతే.

"తీయకండి అత్తా. అవి ఉంటేనే నాకు వెనక ఎక్కడుందో తెలుస్తుంది."

"పరీక్ష రోజు ఉండవు కదమ్మా."

"ఆ రోజు చూద్దాం."

ఈ మాటకి నేను కోప్పడాల్సింది. కోప్పడలేదు. నాకూ వేళ్ళు తీయాలని లేదు. ఇన్నేళ్ళూ ఎంతమంది వీపుల మీద ఈ వేళ్ళు పెట్టానో, ఎవరి దగ్గరా తీయడానికి ఇంత భయపడలేదు.

గట్టు

ఇవాళ పరీక్ష. బోర్డు తరఫున ఫాతిమున్నీసా గారని ఒక పెద్దావిడ వచ్చారు. తక్కువ మాట్లాడతారు. గట్టు నుంచి తూకం షెడ్డు దాకా సిమెంటు బాట మీద నడవాలి, ఎవరూ ముట్టుకోకూడదు, ముట్టుకుంటే అక్కడితో ఆఖరు అని ఒక్కసారి చెప్పి పక్కన నిలబడ్డారు. వంటగదివాళ్ళు, నర్సులు, పక్క చెరువుల్లో నానుతున్న గని మనుషులు, అందరూ చూస్తున్నారు. గట్టు మీద తెరలో శరత్ ఉన్నాడు.

హిమజ నాకేసి చూసింది. నేను వేళ్ళు తీసేశాను. చాలాసేపు నిలబడిపోయింది. తర్వాత గాజులు మోగాయి. కుడి. ఎడమ.

సగం దూరం దాటింది. సిమెంటు గట్టిది, బురదలా పాదాన్ని పట్టుకోదు, అది ఆమెకి కొత్త. మడమ వేసిన ప్రతిసారీ ఒళ్ళు అదురుతోంది. షెడ్డు ఇంకా కాస్త దూరం ఉందనగా ఎడమ మోకాలు మడతపడింది. ముందుకి పడిపోయింది, మోకాళ్ళ మీదా చేతుల మీదా. గాజులు పగిలాయి.

మా పక్క ఎవరైనా పడితే అందరూ పరిగెత్తుతారు. అది మంచి అలవాటు. పడ్డవాళ్ళు నేల మీద ఉన్నంతసేపు చూస్తూ నిలబడటం మాకు చేతకాదు. దేవసహాయం పరిగెత్తాడు, వంటగదివాళ్ళు పరిగెత్తారు, డాక్టరు గారు కూడా రెండు అడుగులు వేశారు. నేను చేతులు చాచి బాటకి అడ్డంగా నిలబడ్డాను.

"ఎవరూ ముట్టుకోవద్దు. నా మాట విని ఎక్కడివాళ్ళు అక్కడ ఆగండి."

"కడుపుతో ఉన్న పిల్లండీ," అన్నాడు దేవసహాయం, ఏడుపు గొంతుతో.

"నాకు తెలుసు. ఆగు."

వెనక్కి తిరిగాక హిమజ మొహం కనిపించింది. అరచేతిలో నెత్తురు. నాకేసే చూస్తోంది. నోటితో ఏమీ అడగలేదు, వేళ్ళు అడుగుతోందని నాకు తెలుసు. నా చేతులు వాటంతట అవే ముందుకి వెళ్ళబోయాయి. రెండింటినీ చంకల్లో పెట్టుకుని నొక్కేశాను. నాకు చాలా భయమేసింది. ఆ అమ్మాయి మీద కోపం కూడా వచ్చింది, ఎందుకో తెలియదు. బిడ్డకి ఏమైనా అయితే ఈ చేతులతో నేనేం చేస్తాను అనిపించింది. అయినా కదల్లేదు.

తను నా మొహం మీద నుంచి చూపు తీసి నేలకేసి చూసింది. అరచేతులు ఆనించింది. నడుం పైకెత్తింది. కుడి పాదం తెచ్చి, సిమెంటు మీద, బురదలో నాటినట్టే నాటింది. ఒళ్ళు దాని మీదికి తెచ్చుకుని లేచింది. షెడ్డు దాకా నడిచి, ద్వారబంధం పట్టుకుని అక్కడే కూర్చుండిపోయింది.

నర్సు పరిగెత్తి పొట్ట మీద యంత్రం పెట్టింది. బిడ్డ గుండె చప్పుడు అందరికీ వినిపించింది, గుర్రం పరుగులా. నేను అప్పుడు చంకల్లోంచి చేతులు తీశాను. తిమ్మిరెక్కి ఉన్నాయి.

"పడిపోయింది కదండీ," అన్నారు డాక్టరు గారు, భయంభయంగా, ఫాతిమున్నీసా గారితో.

"పడకూడదని ఎక్కడా లేదమ్మా. పట్టుకోకూడదని ఉంది." ఆవిడ సంతకం పెట్టి కలం మూత పెట్టారు. "ఎవరూ పట్టుకోలేదు. నేను చూశాను."

నీళ్ళు: అక్కర్లేదు

ఈ దినచర్య ఆ పరీక్షతోనే ముగిసిపోయింది, ఏడాది పైనే అయింది. పరిశోధన ఐదో చెరువుకి మారింది, ఇప్పుడు హైదరాబాదువాళ్ళు మా దగ్గరికొచ్చి బురదని సీసాల్లో పట్టుకెళుతున్నారు. ఏం చేసుకుంటారో నాకు తెలియదు. కానీ ఇవాళ్టిది ఒకటి రాయాలి.

హిమజ ఇక్కడే ఉండిపోయింది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, తను ఎప్పటికీ మామూలుగా నడవదు. కర్ర కావాలి. సగం రోజు నీళ్ళలో గడపాలి, లేకపోతే కాళ్ళు వాస్తాయి. కొత్తగా వచ్చిన పైవాళ్ళకి బురదలో అడుగు తీయడం తనే నేర్పుతోంది, నాకంటే కఠినంగా. బిడ్డ పేరు గౌతమి. గుండ్రంగా, గట్టిగా, పిడికిట్లో పట్టని పిక్కలు.

ఇవాళ సాయంత్రం తెర గట్టు మీద పెట్టి శరత్‌కి పిల్లని చూపిస్తున్నాం. గౌతమి నా మోకాలు పట్టుకుని నిలబడి ఉంది. ఉన్నట్టుండి మోకాలు వదిలేసి తెరలోని తండ్రికేసి నడిచింది. నడిచింది కాదు, పరిగెత్తింది, కాళ్ళకంటే ఒళ్ళు ముందు పోతూ. ఆగలేక బోర్లా పడింది.

నేను వంగేశాను. హిమజ కర్ర వదిలేసి నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు గట్టిది.

"అత్తా, చేతులు," అంది.

తన కళ్ళలో నీళ్ళున్నాయి. మణికట్టు మాత్రం వదల్లేదు. గౌతమి ఏడవాలా వద్దా అని మా ఇద్దరికేసీ చూసింది. మేం కదల్లేదు. అరచేతులు నేలకి ఆనించింది. నడుం పైకెత్తింది. ఒక పాదం నాటింది. లేచి నిలబడి, చేతులకంటిన మట్టి చూసుకుంటోంది.

అప్పుడు తెరలోంచి, అంత దూరం నుంచి, శరత్ గొంతు వచ్చింది.

"అయ్యో, హిమా, పాప పడిపోయింది. ఎవరైనా లేపండి."